రేడియో అన్న ఉత్తరాలు

మా ఆయన్ని నాకు చూపించినప్పుడు ఆయనకి ముప్పై రెండేళ్లు, నాకు పంతొమ్మిది. అప్పటికే ఆయన రెండుసార్లు జైలుకి వెళ్లొచ్చాడు. ఆ సంగతి మా నాన్నకి తెలుసు. తెలిసే ఇచ్చాడు.

మా నాన్న సత్తెనపల్లి పక్క పల్లెలో కూలిపని చేసుకుంటూ ఆదివారాలు సత్తెనపల్లి చర్చిలో గంట కొట్టి వాక్యం చదివేవాడు. జైలు నుంచి వచ్చిన ఈ మనిషి చర్చిలో వెనక బెంచీ మీద కూర్చోవడం మూడేళ్లు చూశాడు. "మూడేళ్లు ఒక్క ఆదివారం తప్పకుండా వచ్చి, ఎవరూ పలకరించకపోయినా మళ్లీ వచ్చాడంటే వాడు మారాడే" అన్నాడు అమ్మతో. అమ్మ ఏడ్చింది. నేను ఎనిమిదో తరగతి దాకా చదువుకుని, మా చర్చి వాళ్ల చిన్నపిల్లల బడిలో అక్షరాలు దిద్దించేదాన్ని. నన్ను దొంగకిస్తున్నారని పల్లెంతా నవ్వింది. నాకు మాత్రం ఆయన కళ్లెత్తి మాట్లాడకపోవడం నచ్చింది.

ఈ సంగతులు రాయాలని ఇన్నేళ్లూ అనుకోలేదు. ఆమధ్య టీవీలో మళ్లీ యుద్ధం మాట వినబడింది. సైరన్ మోగితే దీపాలు ఎలా ఆర్పుకోవాలో చూపించారు. ఫలానావాడు గూఢచారి అని ఒకడి మొహం చూపించి పదిమంది అరుస్తున్నారు. వాడు అవునో కాదో నాకేం తెలుసు? కానీ ఆ మొహం చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. అప్పుడు కాగితం తీశాను.

పెళ్లయ్యాక సత్తెనపల్లిలోనే కాపురం. మా ఆయన బస్టాండు దగ్గర గోనెపట్టా పరుచుకుని తాళాలు, కిరసనాయిలు స్టవ్వులు, గొడుగులు బాగుచేసేవాడు. తాళం చేతికిస్తే ముందు వాసన చూసేవాడు. నూనె వాసనను బట్టి దాన్ని ఎప్పుడు తెరిచారో చెప్పేవాడు. అంత పనివాడైనా, ఇంట్లో బీరువా తాళం తియ్యమని పిలిచినవాళ్లు ఆయన పని చేస్తున్నంతసేపూ పక్కన ఇద్దరు మనుషుల్ని నిలబెట్టేవాళ్లు. ఆయన అదేమీ పట్టించుకున్నట్టు కనపడేవాడు కాదు.

నన్ను బాధపెట్టింది పోలీసు స్టేషన్లో పుస్తకం. కేడీల పుస్తకమనేవాళ్లు. అందులో పేరున్నవాడు వారం వారం వెళ్లి సంతకం పెట్టాలి. ఊళ్లో ఎక్కడ చెంబు పోయినా ముందు మా గుమ్మంలోకే వచ్చేవాళ్లు. ఒకసారి కానిస్టేబులు లాఠీ తీసుకుని నా బియ్యం కుండలో పొడిచి కలియబెట్టాడు. ఆ బియ్యం వండబుద్ధి కాక కోళ్లకి వేశాను. అప్పుడు నాకు నెల తప్పింది. పుట్టే బిడ్డ ఆ లాఠీని చూడకూడదని రోజూ ప్రార్థన చేసుకునేదాన్ని.

మా ఆయనకి ఊళ్లో ఉన్న ఒకే ఒక స్నేహితుడు రేడియో అన్న. బస్టాండు రోడ్డులో విత్తనాల కొట్టు మీద గదిలో ఉండేవాడు. మెట్ల కింద బల్ల వేసుకుని రేడియోలు బాగుచేసేవాడు. బర్మాలో మనవాళ్లని పొమ్మన్నప్పుడు ఓడెక్కి వచ్చినవాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి రంగూన్ వెళ్లారట. ఆయన తెలుగు మా చెవికి కొత్తగా ఉండేది. లుంగీని ముందువైపు ముడేసి కట్టేవాడు. చేతిలో ఎప్పుడూ లావుపాటి చుట్ట. మేడమీద వెదురుగడకి తీగ కట్టి ఏవేవో దూరపు స్టేషన్లు వింటూ కూర్చునేవాడు.

ఆదివారాలు మా ఇంటికి భోజనానికొచ్చేవాడు. మొదటిసారి గోంగూర పచ్చడి వడ్డిస్తే ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు కదలకుండా ఉండిపోయాడు.

"కారం ఎక్కువైందా అన్నా?" అన్నాను.

"లేదు చెల్లెమ్మా. మా దేశంలోనూ గోంగూర తింటారు. ఎండురొయ్యలు వేసి వండుతారు."

"ఎవరు వండేవాళ్లన్నా? వదినా?"

"నాకెవరూ లేరమ్మా" అని పచ్చడి మళ్లీ వేయించుకున్నాడు.

మా దేశం అనే ఆ మాట ఆయన బస్టాండులో కూడా అనేవాడు. అదే ఆయన కొంప ముంచింది.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. పత్తి తీతలు జరుగుతున్న రోజులు. కిటికీ అద్దాలకి నల్లకాగితాలు అంటించమన్నారు. లారీల లైట్లకి సగం నల్లరంగు పూశారు. చీకటి పడ్డాక బయట మంట కనపడితే కేసన్నారు. విమానాలు మా సత్తెనపల్లి దాకా ఎందుకొస్తాయో ఎవరికీ తెలీదు. అయినా అందరం తలెత్తి ఆకాశం వంకే చూసేవాళ్లం.

మూడో రోజో నాలుగో రోజో తెల్లవారేసరికి రైల్వే స్టేషన్ వైపు నల్లటి పొగ లేచింది. పత్తి మిల్లు పక్క షెడ్డు కాలిపోయింది. అందులో నిండా పత్తి. కాపలావాడు కనపడలేదు. మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట. ఇది గూఢచారుల పని. విమానాలకి దారి చూపడానికి మంట పెట్టారు. కాపలావాణ్ణి చంపి అందులోనే తోసేశారు.

"ఆ బర్మా వాడు రోజూ ఏ స్టేషన్లు వింటున్నాడో ఎవరైనా అడిగారా?"

"మా దేశం, మా దేశం అంటాడు కదా. అది ఏ దేశంరా?"

బర్మాకీ మనకీ యుద్ధం లేదు కదా అని విత్తనాల కొట్టాయన అన్నాడట. తూర్పు పాకిస్తానుకి అవతలి గోడ బర్మాయే కదా అని ఎవరో జవాబిచ్చారట. దాంతో ఆయనా నోరు మూసుకున్నాడు.

ఆ మర్నాడు ఎండ నడినెత్తికొచ్చాక ఇన్‌స్పెక్టరు మా ఇంటికొచ్చాడు. యూనిఫారం లేకుండా, చొక్కా పంచెతో వచ్చాడు. మా ఆయన్ని వెనకటికి పట్టుకుంది ఈయనే. నులకమంచం మీద కూర్చుని నన్ను మంచినీళ్లడిగాడు. మా ఇంట్లో నీళ్లు తాగిన మొదటి పోలీసు.

"ఏరా, ఆ రేడియోవాడు నిన్ను గదిలోకి రానిస్తాడంట కదా?"

"వెళ్తుంటాను సార్."

"వాడి మంచం కింద టేకు పెట్టె ఉంది. ఎప్పుడైనా తెరవడం చూశావా?"

"లేదు సార్."

"దాన్ని నువ్వు తెరవాలి. వాడికి తెలీకూడదు. తాళం పగలగొడితే వాడి జట్టువాళ్లు జాగ్రత్తపడతారు. ఇది నా సొంత పని కాదురా, గవర్నమెంటు పని. నీకు కార్డిస్తాం. ఇకనుంచి నువ్వు గవర్నమెంటు మనిషివి. కేడీ పుస్తకంలో నీ పేరు నా చేత్తో నేనే కొట్టేస్తాను."

మా ఆయన నేల వంక చూస్తూ కూర్చున్నాడు. "యజమాని అడక్కుండా ఒకరి తాళం ముట్టనని మాటిచ్చాను సార్. ఆ గోడకి అవతల చర్చి. అక్కడే ఇచ్చాను."

"దేశం కంటే ఎక్కువా ఆ మాట?" అని ఇన్‌స్పెక్టరు లేచాడు. "సాయంత్రంలోగా చెప్పు."

ఆయన వెళ్లాక మా ఆయన నావైపు తిరిగాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే. నేను వద్దంటానని చూసిన చూపది.

నేనన్నాను, "వెళ్లయ్యా. ఇది దొంగతనమెట్లా అవుతుంది? పోలీసాయనే చెయ్యమంటుంటే."

"అన్న మన కంచంలో తిన్నాడే."

"ఆయన తప్పు చెయ్యకపోతే ఆయనకి భయమెందుకు? పెట్టెలో ఏమీ లేదని నువ్వే చెప్పొచ్చు కదా. మనకీ పుస్తకం పీడ వదులుద్ది. రేపు మన బిడ్డని కేడీ బిడ్డ అనరా?"

చివరి మాటకి ఆయన లేచి చొక్కా వేసుకుని పోలీసు స్టేషన్‌కి వెళ్లాడు. పెట్టెలోవి చూసి ఇచ్చేస్తామన్నారని చెప్పి, కార్డుతో తిరిగొచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం రేడియో అన్న మెస్సుకి భోజనానికి వెళ్లగానే మా ఆయన మేడెక్కాడు. తర్వాత నాకు చెప్పాడు. రంగూన్ పెట్టెట అది, ఇత్తడి తాళం. తాళం తీశాక కూడా మూత రాలేదట. లోపల కనపడకుండా ఇంకో కొక్కెం. చిన్న ఇనప ఊచతో దాన్నీ తీశాడు. లోపల మడతపెట్టిన పట్టు లుంగీ ఒకటి. దాని కింద గుడ్డలో చుట్టిన ఉత్తరాల కట్ట. అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయట, కానీ ఒక్కటీ మనది కాదు. ఒక ఫొటో, జడలో పూలు పెట్టుకున్న ఆవిడ, పక్కన ఎనిమిదేళ్ల పిల్ల. ఒక కాగితం మీద పెన్సిల్తో గళ్లు గీసి, గడిగడిలో ఏదో అంకె.

ఇన్‌స్పెక్టరు విత్తనాల కొట్టు వెనక నిలబడి ఉన్నాడు. మా ఆయన ఆ కట్టా, ఫొటో, కాగితం తీసుకెళ్లి చూపించాడు.

"ఇది పిల్లలు ఆడే తొక్కుడుబిళ్ల సార్. ఆ గళ్లు చూడండి. ఎవరో పిల్ల గీసింది. ఉత్తరాలూ పిల్లవే అయ్యుంటాయి, అక్షరాలు లావుగా వంకరగా ఉన్నాయి. అన్న రాకముందే మళ్లీ పెట్టేసి వస్తాను."

"ఎవరూ లేరని ఊరంతటికీ చెప్పాడే. మరి ఈవిడెవరు? దాచాడంటే ఏదో ఉన్నట్టే కదరా. ఇవి హైదరాబాదు పంపి చదివించాలి." ఇన్‌స్పెక్టరు కట్టని సంచిలో వేసుకున్నాడు.

"సార్, చూసి ఇస్తానన్నారు."

"ఇస్తాంలేరా."

మా ఆయన పైకెళ్లి లుంగీ ఒక్కటే మిగిలిన పెట్టెకి తాళం వేసి కిందికొచ్చాడు.

ఆ సాయంత్రమే రేడియో అన్నని పట్టుకున్నారు. జీపు రాకముందే బస్టాండులో జనం మూగారు. పత్తి కూలీలు, బండ్లవాళ్లు, రేడియోలు బాగుచేయించుకున్నవాళ్లు. చెంపల మీద, చెవుల మీద కొట్టారు. బల్ల తిరగేసి రేడియోలు రోడ్డు మీద పగలగొట్టారు. పోలీసులొచ్చి అడ్డుపడకపోతే అక్కడే చంపేసేవాళ్లు. మా ఆయన ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడి ఉన్నాడు. జీపెక్కించేటప్పుడు రేడియో అన్న ఆయన్ని చూశాడు. చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది.

"పెట్టె తీసి చూసుకున్నా, గీత కూడా పడలేదు తమ్ముడూ. మంచి పనోడివి" అన్నాడు. ఎగతాళిగా అనలేదట. అదే మా ఆయన్ని తినేసింది.

ఇంటికొచ్చి ఆయన ఏడవలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. తెల్లారగానే కార్డు జేబులో పెట్టుకుని కాలిన షెడ్డు దగ్గరికి పోయాడు. గవర్నమెంటు మనిషి అని చూపిస్తే లోపలికి వదిలారు. బూడిదలో మధ్యాహ్నందాకా తిరిగాడు. అట్నుంచే పోలీసు స్టేషన్‌కి వెళ్లాడు.

"సార్, ఆ షెడ్డులోకి బయటినుంచి ఎవరూ పోలేదు."

"నీకెట్లా తెలుసురా?"

"తలుపుకి లోపల గడియ పెట్టే ఉంది. వెనక కిటికీ కమ్మీలు బయటికి వంగి ఉన్నాయి. లోపలికి దూరేవాడు కమ్మీని పక్కకి విరుస్తాడు సార్, బయటికి వంచడు. నేను ఎన్ని కిటికీలు విరిచానో మీకు తెలుసు. ఇది లోపలున్నవాడు బయటపడ్డ కిటికీ. బూడిదలో కుంపటి దొరికింది. ఎముక ముక్క ఒక్కటి కూడా లేదు. కాపలావాడు బతికే ఉన్నాడు."

"వాణ్ణి తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడట ఇన్‌స్పెక్టరు.

కాపలావాడి అక్కని వినుకొండలో ఇచ్చారని మిల్లు కూలీల దగ్గర విని మా ఆయన బస్సెక్కాడు. కొండ కింద గుడిసెలో దొరికాడు ఆ మనిషి. యాభై ఏళ్లవాడు. రెండు చేతులకీ కొబ్బరినూనె పూసి అరిటాకులు చుట్టుకుని మూలన కూర్చున్నాడు. మా ఆయన్ని చూడగానే దణ్ణం పెట్టబోయి, చేతులు కలవక ఏడ్చాడు.

"బయట మంటేస్తే కేసన్నారయ్యా. చలికి ఆగలేక కుంపటి లోపలికి తెచ్చుకున్నా. కునుకుపట్టింది. లేచేసరికి తలుపు దగ్గర పత్తి అంటుకుంది."

"ఒక మనిషిని పట్టుకుని కొట్టారు, నీకు తెలుసా?"

"తెలుసయ్యా. బస్సువాళ్లు చెప్పుకుంటుంటే విన్నా. వస్తే నన్నూ చంపుతారు."

మా ఆయన పొద్దుగూకేదాకా ఆ గుడిసెలోనే కూర్చున్నాడట. బెదిరించలేదు. తన సంగతి చెప్పాడట. "జైల్లో అన్నం పెడతారు, గొంతు దిగుద్ది. ఇట్లా దాక్కుని తినే అన్నం దిగదు. నేను రెండూ తిన్నా" అన్నాడట. వాళ్లక్క ఆ మాట విని తమ్ముడి భుజానికి తుండుగుడ్డ తనే వేసింది. మర్నాడు ఇద్దరూ కలిసి సత్తెనపల్లిలో దిగారు. కాపలావాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. కొన్ని నెలలు శిక్ష పడింది. తర్వాత అదే మిల్లులో మోత కూలీగా చేరాడు.

ఈలోగా యుద్ధం అయిపోయింది. గెలిచామని బస్టాండులో మిఠాయిలు పంచారు. నాకూ ఒక లడ్డు పెట్టారు. రేడియో అన్న మాత్రం గుంటూరు జైల్లోనే ఉన్నాడు. నిప్పు ఆయన పెట్టలేదని తేలినా, ఉత్తరాల్లో ఏముందో తేలాలన్నారు. అవి చదివే మనిషి దొరికి, రంగూన్ నుంచి ఒక పిల్ల నాన్నకి రాసుకున్న ఉత్తరాలని జవాబొచ్చేసరికి మిరప కోతలు మొదలయ్యాయి. కల్లాల్లో ఎర్రగా కాయ పరిచిన రోజుల్లో ఆయన్ని వదిలారు.

మా ఆయన జైలు గేటు దగ్గరికి వెళ్లాడు. రేడియో అన్న బయటికొచ్చి రోడ్డు పట్టుకుని నడిచిపోతుంటే వెనకనుంచి "అన్నా" అని పిలిచాడు. తిరగలేదు. కోపమనుకుని మళ్లీ మళ్లీ పిలిచాడు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి తిరిగాడట. వినపడటం లేదు. ఒక చెవి పూర్తిగా పోయింది. రెండోది, నోరు దగ్గరపెట్టి అరిస్తే కొంచెం.

గది వేరేవాళ్లకిచ్చేశారు. రేడియో అన్నని మా ఇంటికే తీసుకొచ్చాడు. నేను గుమ్మంలో నిలబడి కాళ్లకి నీళ్లిచ్చాను. క్షమించమని అడగాలనుకున్నాను. కానీ వినపడని మనిషిని క్షమాపణ అడగాలంటే వీధికంతా వినపడేలా అరవాలి. నేను అరవలేకపోయాను. ఆయనే నా కడుపు వైపు చూసి "ఎన్నో నెల చెల్లెమ్మా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు మాట తప్పలేదు. మా ఎదురుగానే పుస్తకంలో పేరు కొట్టేశాడు. యుద్ధకాలంలో గవర్నమెంటుకి సాయపడ్డాడని కాగితమూ ఇచ్చాడు. ఇంకో రెండుసార్లు గవర్నమెంటు పని అంటూ పంపితే మా ఆయన వెళ్లాడు, ఉత్తరాలు తిరిగిస్తారన్న ఆశతో. ఎప్పుడడిగినా ఫైల్లో ఉన్నాయన్నారు, పై ఆఫీసు నుంచి రావాలన్నారు. చివరికి కార్డు తిరిగిచ్చేశాడు. ఆ రోజు నుంచి తాళాలు బాగుచేయడం కూడా మానేశాడు. స్టవ్వులు, గొడుగులే.

ఆ ఉత్తరాలు అంత కావలసి రావడానికి కారణముంది. రేడియో అన్న భార్య బర్మా ఆవిడ. ముసలి తల్లిని వదిలి రానందిట. కూతురు అక్కడే ఉండిపోయింది. ఇక్కడ కులంవాళ్లు ఏమంటారోనని ఆయన ఎవరికీ చెప్పలేదు. వాళ్లు ఊరు మారారు, కొత్త చిరునామా చివరి ఉత్తరం మీదే ఉంది. ఆయనకది నోటికి రాలేదు. పాత చిరునామాకి రాసినవన్నీ తిరిగొచ్చాయి. ఆయన పట్టుబడ్డాక వచ్చిన ఉత్తరాలని, గూఢచారి ఉత్తరాలు మాకెందుకని, మేడ యజమాని పోస్టుమాన్ చేతికే తిరిగిచ్చేశాడు.

ఎండాకాలంలో మాకు ఆడపిల్ల పుట్టింది. రేడియో అన్న పిల్లని ఒళ్లో వేసుకుని కూర్చునేవాడు. అది ఏడుస్తుంటే గుండె మీద అరచెయ్యి పెట్టి ఆ కదలిక చూసి, "ఏడుస్తోంది చెల్లెమ్మా, పాలియ్యి" అని పిలిచేవాడు. మళ్లీ రేడియోలు పట్టాడు. స్పీకరు మీద వేళ్లు ఆనించి పలుకుతోందో లేదో చెప్పేవాడు. కొట్టినవాళ్లే తెచ్చేవాళ్లు. ఆయన చేసిచ్చేవాడు.

పిల్లకి ఏడాది నిండిన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఆయన నన్ను పెరట్లోకి పిలిచాడు.

"స్టేషన్లో వెనక గదిలో చెక్క బీరువా ఉంది. పాత కాగితాలన్నీ అందులోనేనంట. దాని తాళం నేను చూశా. పిల్లకాయ కూడా తీస్తాడు దాన్ని. ఒక్కసారి వెళ్లొస్తానే."

"వద్దు."

"నాకోసం కాదే."

"పట్టుకుంటే? మళ్లీ పుస్తకం, మళ్లీ జైలు. పిల్ల మొహం చూడు. చర్చిలో ఇచ్చిన మాట మళ్లీ తప్పుతావా?"

నేనే తప్పించిన మాటని నేనే గుర్తుచేశాను. ఆయన అది అనలేదు. సరేనని లోపలికెళ్లి పిల్లని ఎత్తుకున్నాడు. ఇంకెప్పుడూ ఆ ఊసెత్తలేదు.

రెండేళ్ల తర్వాత ఆ పోలీసు స్టేషన్లో కాగితాలు చూసే రైటరు స్టవ్వు బాగుచేయించుకోవడానికొచ్చి మాటల్లో చెప్పాడు. ఆ బీరువాకి చెదలు పట్టి కాగితాలన్నీ తగలబెట్టారట. "మీ బర్మా ఆయన కట్ట కూడా అందులోనే ఉందయ్యా. అడిగితే వెతికిచ్చేవాణ్ణిగా" అన్నాడు. మా ఆయన అతనికి స్టవ్వు ఇచ్చి పంపించి, ఆ రోజు ఇంక పని చేయలేదు. మొదటిసారి వద్దనాల్సింది నేను వెళ్లమన్నాను. రెండోసారి వెళ్లమనాల్సింది వద్దన్నాను. ఎవరికీ చెప్పుకోలేదు ఈ మాట.

ఆ ఏడు వానల్లో రేడియో అన్నకి జ్వరమొచ్చింది. ఆస్పత్రిలో వారం ఉంచి ఇంటికి పంపారు. ఆఖరి రోజుల్లో బర్మా మాటలే మాట్లాడాడు. మాకేం తెలుస్తుంది? మా పిల్ల మాత్రం తెలిసినట్టే ఊఁ కొడుతూ పక్కన కూర్చునేది. ఒక ఉదయం నేను గంజి తీసుకెళ్లేసరికి పోయి ఉన్నాడు. వాళ్ల పద్ధతేమిటో తెలీక విత్తనాల కొట్టాయన్ని అడిగి, ఆయన చెప్పినట్టు చేశాం. నిప్పు మా ఆయనే పెట్టాడు. చర్చిలో కొందరు తప్పన్నారు. మా నాన్న వాళ్లకి జవాబు చెప్పాడు.

రేడియో అన్న పోయిన ఏడాదికి మేడ యజమాని కోడలు ఒక కవరు తీసుకుని మా ఇంటికొచ్చింది. గుండ్రటి అక్షరాలు. కింద ఇంగ్లీషులో ఆయన పేరు, పాత చిరునామా. "మా మామగారు చూస్తే తిరగ్గొడతారని నేనే తీసుకున్నా" అంది ఆ పిల్ల.

బాపట్ల వైపు బర్మా నుంచి వచ్చినవాళ్ల పేట ఒకటుందని తెలిసి, ఆ కవరు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. అక్కడొక ముసలమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి, తెలుగులో చెప్పింది. కూతురు రాసింది. అమ్మ పోయింది. నాకు పెళ్లయింది. నువ్వు మమ్మల్ని మర్చిపోయావని అమ్మ అనుకుంది, నేననుకోలేదు. ఇదే ఆఖరి ఉత్తరం, బతికుంటే ఒక్క ముక్క రాయి.

మా ఆయన ముసలమ్మ కాళ్ల దగ్గర నేలమీద కూర్చున్నాడు. "రాయమ్మా" అన్నాడు. "మీ నాన్న పోయాడు. మర్చిపోలేదు. మీ ఉత్తరాలు పెట్టెలోంచి దొంగిలించింది నేను. అందుకే రాయలేకపోయాడు."

ముసలమ్మ కలం ఆపింది. "ఇది రాయాలా నాయనా? పోయాడని రాస్తే చాలదా?"

"రాయండి" అన్నాను నేను. "ఈయన్ని వెళ్లమని చెప్పింది నేను, ఈయన భార్యనని కూడా రాయండి." మా ఆయన నావైపు చూశాడు. అన్నేళ్లలో మేమిద్దరం ఆ విషయం పైకి అనుకోవడం అదే మొదలు.

జవాబు రాదనుకున్నాం. ఏడెనిమిది నెలలకి వచ్చింది. మళ్లీ బాపట్ల వెళ్లాం. మూడే ముక్కలు. తిట్టూ లేదు, క్షమించానన్న మాటా లేదు. మా నాన్న మీ ఇంట్లో ఏం తినేవాడు, పోయేటప్పుడు పక్కన ఎవరున్నారు, ఏమన్నాడు, అది రాయండి అంది.

ఆ రోజంతా ముసలమ్మ అరుగు మీదే కూర్చున్నాం. గోంగూర సంగతి నేను చెప్పాను. పోయేటప్పుడు పక్కన ఎవరూ లేరని, నేను గంజి తెచ్చేసరికి పోయాడని నిజమే చెప్పాను. ఏమన్నాడో మాకు తెలీదు, మీ భాషలో అన్నాడు, మా పిల్ల ఊఁ కొట్టింది అని మా ఆయన చెప్పాడు. చెవుల సంగతి రాయొద్దని నేనన్నాను, రాయాలని ఆయనన్నాడు. చాలాసేపు అదే మాట మీద ఉండిపోయాం. చివరికి రాయించాడు. మూడు కాగితాలైంది. పోస్టాఫీసులో తపాలా బిళ్లలంటించి డబ్బాలో వేసి, ఆఖరి బస్సు పట్టుకుని సత్తెనపల్లి వచ్చేశాం.